ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకున్నాక దురద ఎందుకు వస్తుంది?

2025 ఫిబ్రవరిలో గుంటూరు సర్వజన ఆస్పత్రిలో గులియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు కేసులు బయటపడ్డప్పుడు, ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు పేరు పక్కనే ఉన్న పెదకాకాని చుట్టుపక్కల చాలామంది మొదటిసారి విన్నారు. వేలాది దాతల రక్తంలోని ప్లాస్మా నుంచి వేరుచేసిన యాంటీబాడీలే ఆ మందు. గులియన్ బారీ వచ్చినవాళ్లకు సాధారణంగా ఐదు రోజుల పాటు నరంలోకి ఎక్కిస్తారు. పుట్టుకతోనే యాంటీబాడీలు తయారుకాని వాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఆ మందు ఏళ్ల తరబడి, తరచు జీవితాంతం కావాలి. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు అలాంటి ఎనిమిదేళ్ల బాబు గురించి ప్రపంచానికి చెప్పారు. ఆ బాబుకు మందు ఇచ్చింది చర్మం కిందే.

ఇప్పుడు రెండు దారులున్నాయి. మూడు నాలుగు వారాలకోసారి ఆస్పత్రిలో నరంలోకి ఎక్కించుకోవడం ఒకటి. ఇంట్లోనే చిన్న పంపు పెట్టుకుని వారానికోసారి పొట్ట మీదో, తొడ మీదో చర్మం కిందకు ఎక్కించుకోవడం రెండోది. మన దగ్గర మొదటిదే ఎక్కువ. అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో రెండోది చేసుకునేవాళ్లున్నారు. సెలవులకు ఊరొస్తే ఆ పంపూ, సీసాలూ వెంట తెచ్చుకోక తప్పదు. దురద గురించి ఎక్కువగా అడిగేదీ వాళ్లే.

ముందు ప్రమాదం సంగతి. సూది గుచ్చిన చోట కాకుండా ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదాలో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా పంపు వెంటనే ఆపాలి. డాక్టరు ముందుగానే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే అది వేసి 108కి ఫోన్ చేయాలి. ‘ఒక ఎవిల్ మాత్ర వేసి చూద్దాం’ అని ఆగితే ప్రాణం మీదకు వస్తుంది.

ఇక సూది గుచ్చిన చోటే వచ్చే దురద. ఇరవై శాతం గాఢత ఉన్న మందులో 5 గ్రాములంటే 25 మిల్లీలీటర్లు. అంత ద్రవం చర్మం కింద చేరితే ఆ చోటు ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, దురద పెడుతుంది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, మొదటి కొన్ని వారాలు దాటాక రావడమే తగ్గుతుంది. అలా తగ్గకపోతే, దురద ఏ ఆకారంలో, ఏ సమయంలో వస్తోందో చూడండి. కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ప్లాస్టర్ అంటించినంత మేర నలుపలకగా దురద పెడితే అది మందు వల్ల కాదు, జిగురు వల్ల. ప్లాస్టర్ రకం మారిస్తే పోతుంది. సూది దిగిన చోట మొదటి నిమిషాల్లోనే మంటా దురదా కలిసి మొదలైతే, సూది పొడవు చాలక మందు కొవ్వు పొర దాకా చేరడం లేదేమో అడగాలి. 6, 9, 12 మిల్లీమీటర్ల సూదులు దొరుకుతాయి. మొన మీద మందు చుక్క ఉండగానే గుచ్చినా, స్పిరిట్ ఆరకముందే గుచ్చినా ఇదే బాధ. మందంతా ఎక్కాక పెద్ద గడ్డలా ఉబ్బి దురద పెడితే, వేగం తగ్గించడమో, అదే మందును రెండు మూడు చోట్లకు పంచడమో చేయాలి. ఇవన్నీ నర్సుతోనో డాక్టరుతోనో మాట్లాడి మార్చుకోవాల్సినవి. దురద భయంతో డోసు మానేయడం మాత్రం వద్దు. ఆ మందు లేకపోతే వచ్చే న్యుమోనియా దురదకన్నా ఎంతో పెద్ద కష్టం.

మందు చల్లగా ఉన్నా చురుక్కుమంటుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి ముందుగా తీసి పెట్టమంటారు. అయితే మందు పెట్టెలోని కరపత్రంలో రాసే గది వేడి 25 డిగ్రీలు. మే నెలలో పెదకాకాని ఇంట్లో అంత చల్లని గది ఏసీ లేకుండా ఉండదు. కాబట్టి కాసేపు ముందు తీస్తే చాలు, పగలంతా బయట ఉంచకూడదు. వేడినీళ్లలో పెట్టకూడదు, సీసాను కుదపకూడదు.

ఉపశమనానికి గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టవచ్చు. డాక్టరు ఒప్పుకుంటే ఎక్కించుకునే ముందే సెట్రిజిన్ వేసుకోవచ్చు. ఎవిల్ మత్తు తెస్తుంది, అది మింగి హైవే మీద బండి నడపొద్దు. సూది రంధ్రం మీద పసుపు, నొప్పి బామ్ రాయొద్దు. మిరప కోతల కాలంలో ఇంకో జాగ్రత్త కావాలి. కారంలోని ఘాటు నీటిలో కరగదు. కల్లంలో పనిచేసి వచ్చిన చేతుల్ని ఉత్త నీళ్లతో కడుక్కుని సూది పట్టుకుంటే మంట ఎక్కడిదో తేలదు. సబ్బుతో బాగా రుద్ది కడగాలి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మెడికల్ షాపులో చీటీ లేకుండా అమ్మే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. 2018లోనే కేంద్రం ఇలాంటివాటిని చీటీ మీదే అమ్మాలంది. ఇంకా చేతికందుతూనే ఉన్నాయి. రోగనిరోధక శక్తి తక్కువున్న మనిషికి నిజంగా వచ్చింది తామరైతే, ఆ ఆయింట్‌మెంట్ పైకి దురద తగ్గించి లోపల తామరను పెంచుతుంది.

ఇంకొకటి. నరంలోకి ఎక్కించుకున్నవాళ్లలో కొందరికి ఒకటి రెండు వారాలకు అరచేతుల్లో చిన్న నీటిపొక్కులు లేచి దురద పెడతాయి. అప్పటికి మందు సంగతి మరిచిపోయి ఉంటారు, సబ్బు పడలేదనుకుంటారు. చర్మ వైద్యుల దగ్గరకు వెళ్లినప్పుడు మందు పేరు, ఎక్కించిన తేదీ చెప్పండి, పొక్కుల ఫోటో చూపించండి.