రిపోర్టులు నార్మలే, ఒంట్లో మాత్రం నలత

రొమ్ముల్లో ఇంప్లాంట్లు పెట్టించుకున్న కొందరు స్త్రీలకు కొన్ని నెలలకో, ఏళ్లకో ఒకదానితో ఒకటి పొంతన లేని బాధలు మొదలవుతాయి. రాత్రంతా పడుకుని లేచినా తీరని నీరసం, కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, కళ్లు పొడిబారడం, దద్దుర్లు, చెప్పబోయిన మాట నోటిదాకా వచ్చి జారిపోవడం. పరీక్షలు చేయిస్తే అన్నీ నార్మల్. ఈ బాధల మూటకు రోగులే పెట్టుకున్న పేరు ‘బ్రెస్ట్ ఇంప్లాంట్ ఇల్‌నెస్’. అది ఉందో లేదో తేల్చిచెప్పే పరీక్ష ఏదీ వైద్యుల దగ్గర లేదు.

మొదటి సిలికాన్ జెల్ ఇంప్లాంట్లను 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే సర్జన్లు అమర్చారు. అంతకుముందు ఎస్మరాల్డా అనే కుక్కకు పెట్టి చూశారు. వాటిని మొదట పెట్టించుకున్న మహిళ టిమ్మీ జీన్ లిండ్సే ఆస్పత్రికి వెళ్లింది పచ్చబొట్టు తీయించుకోవడానికి! ఇలాంటి పరికరాలకు ముందస్తు అనుమతి కావాలన్న చట్టం అమెరికాలో 1976లో గానీ రాలేదు. అప్పటికే బజారులో ఉన్న ఇంప్లాంట్లు ఆ గేటు దాటకుండానే సాగిపోయాయి. ఫిర్యాదులు, దావాలు పెరిగాక 1992 జనవరిలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటి వాడకం ఆపమని కోరింది. తయారీదారు డౌ కార్నింగ్ 1995లో దివాలా పిటిషన్ వేసింది.

కోర్టుల్లో గొడవ నడుస్తుండగానే పరిశోధనలు వచ్చాయి. 1994లో మేయో క్లినిక్ వారు ఇంప్లాంట్లు ఉన్న 749 మందిని, లేనివారిని పోల్చి, కీళ్లు, చర్మం వంటి కణజాలాలను పట్టే వ్యాధులకు ఇంప్లాంట్లతో సంబంధం కనిపించలేదన్నారు. 1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక కూడా దాదాపు అదే చెప్పింది. ఈ అధ్యయనాలు తప్పు కావు. అవి వేసుకున్న ప్రశ్నే వేరు. అవి లెక్కపెట్టింది ప్రధానంగా లూపస్, స్క్లెరోడెర్మా, రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ వంటి పేరున్న జబ్బులను. పేరు లేని నలత ఆ పట్టికల్లో ఏ గడిలోనూ సరిగా ఇమడదు. పైగా స్క్లెరోడెర్మా వంటి అరుదైన జబ్బు కాస్త పెరిగినా, ఏడెనిమిది వందల మందిలో అది కంటికి ఆనదు. ఆ తర్వాత 2018లో ఇజ్రాయెల్‌లో ఇంప్లాంట్లున్న 24,651 మంది రికార్డులు చూసినవారికి, ఆటోఇమ్యూన్ జబ్బులు (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటిమీదే తిరగబడేవి) కొంత ఎక్కువగానే కనిపించాయి. అయితే రికార్డుల్లో రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని రుజువు కాదు.

ఒంట్లో ఏం జరుగుతుంది? బయటి వస్తువు లోపలికి రాగానే శరీరం దాని చుట్టూ పీచు పొర ఒకటి అల్లుతుంది. సర్జన్లు దాన్ని క్యాప్సూల్ అంటారు. కొందరిలో అది బిగుసుకుని రొమ్ము రాయిలా గట్టిపడి నొప్పెడుతుంది. ఇంప్లాంట్ తొడుగు చెక్కుచెదరకపోయినా జెల్ కొద్దికొద్దిగా బయటికి ఊరుతుంది. తొడుగు చిరిగినా చాలాసార్లు జెల్ పీచు పొర లోపలే నిలిచిపోతుంది కాబట్టి మనిషికి తెలియదు. ఎంఆర్ఐలో మాత్రం చిరిగి ముడతలుపడ్డ తొడుగు జెల్‌లో తేలే వంకర గీతల్లా కనిపిస్తుంది. రేడియాలజిస్టులు దీన్ని ఇటలీ వంటకం పేరుమీద ‘లింగ్విని సైన్’ అంటారు. మన కళ్లకు పాయసంలో సేమ్యాలాగే ఉంటుంది. సిలికాన్ రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుందని కొందరు, తొడుగు మీద సూక్ష్మజీవులు పొరకట్టడమే మూలమని మరికొందరు అంటున్నారు. ఏదీ ఇంకా రుజువు కాలేదు.

ఈ పేరు లేని నలతతో కలిపేయకూడని జబ్బు ఒకటుంది. గరుకు తొడుగున్న ఇంప్లాంట్ల చుట్టూ ఎక్కువగా కనిపించే అరుదైన లింఫోమా అది. రోగనిరోధక కణాల్లో పుట్టే క్యాన్సర్. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది. 2019 జులైలో ఇంప్లాంట్లు తయారుచేసే అలర్గాన్ సంస్థ తన బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఆపరేషన్ అయిన ఏళ్లకు ఒక రొమ్ము ఉన్నట్టుండి వాచి నీరు చేరితే, ఆ నీటిని తీసి, ఈ లింఫోమాను పట్టే సీడీ30 పరీక్షకు పంపాలి. దీనికి మాత్రం పరీక్ష ఉంది, జవాబూ ఉంది.

మిగతా నలతకు దారి కొట్టివేతే. అంటే, ఇతర కారణాలను ఒక్కొక్కటిగా పక్కకు తీయడం. థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలు, బీ12, డి విటమిన్లు, షుగర్, ఒంట్లో వాపును సూచించే ఈఎస్ఆర్, సీఆర్‌పీ ముందు చూస్తారు. కీళ్ల బాధ ఉంటే రుమటాలజిస్టు ఆటోఇమ్యూన్ జబ్బుల జాడ వెతికే ఏఎన్ఏ పరీక్ష రాస్తారు. అది పాజిటివ్ వచ్చిందని హడలిపోనక్కర్లేదు. రక్తపు సీరాన్ని 160 రెట్లు పలుచన చేసిన 1:160 స్థాయిలో కూడా ఆరోగ్యవంతుల్లో సుమారు నూటికి 5 మందికి పాజిటివ్ వస్తుంది. నలభై అయిదు దాటినవారిలో ముట్లు ఆగే దశ కూడా ఇవే బాధలు తెస్తుంది. క్యాన్సర్‌తో రొమ్ము తీయించుకుని ఇంప్లాంట్ పెట్టించుకున్నవారిలో చిక్కు మరీ ఎక్కువ. కీమో మిగిల్చే నీరసం ఒకవైపు, లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మాత్రలు తెచ్చే కీళ్ల నొప్పులు ఇంకోవైపు. ఏది దేనివల్లో విడదీయాలంటే ఏ మందు ఎప్పుడు మొదలైంది, ఏ బాధ ఎప్పుడు మొదలైంది అన్న తేదీలే డాక్టర్‌కు స్కాన్ కంటే ఎక్కువ చెబుతాయి. ‘అంతా మీ మనసులోనే ఉంది’ అని పంపేయడం మాత్రం వైద్యం కాదు.

తీయించేసుకుంటే తగ్గుతుందా? అమెరికాలో 150 మందిని యాభై మంది చొప్పున మూడు గుంపులుగా చూసిన అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. బాధలున్నాయని తీయించుకున్నవారిలో చాలామందికి కొద్ది వారాల్లోనే తెరిపి వచ్చింది. పీచు పొర మొత్తం తీసినా, కొంతే తీసినా ఫలితంలో తేడా లేదు. కొందరు కోరే ‘ఎన్ బ్లాక్’ అంటే పొరను తెరవకుండా ఇంప్లాంట్‌తో సహా ముద్దగా తీయడం. లింఫోమాకు అది అవసరం. మిగతావారు అదే కావాలని పట్టుబట్టడంలో అర్థం లేదు. పక్కటెముకలకు అతుక్కున్న పొరను గీకబోతే ఊపిరితిత్తి పైపొరకు చిల్లు పడవచ్చు. అయితే తీయించుకున్నాక వచ్చిన తెరిపిలో ఆపరేషన్ అయిందన్న నిబ్బరం వంతెంతో, ఇంప్లాంట్ పోవడం వంతెంతో ఆ అధ్యయనం విడదీయలేదు.

2021 అక్టోబరు నుంచి ఎఫ్‌డీఏ ఇంప్లాంట్లకు అత్యంత తీవ్రమైన హెచ్చరికను తప్పనిసరి చేసింది. ఇవి జీవితాంతం ఉండేవి కావనీ, ఒళ్లంతా బాధలు వచ్చినట్టు రోగులు చెబుతున్నారనీ అందులో ఉంది. ఆపరేషన్‌కు ముందు రోగి అంశాలవారీగా చదివి సంతకం పెట్టాలి. తర్వాత కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు ఉన్న కార్డు చేతికివ్వాలి. సిలికాన్ ఇంప్లాంట్లున్నవారు బాధ లేకపోయినా 5–6 ఏళ్లకు మొదటిసారి, ఆపై రెండు మూడేళ్లకోసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోవాలని ఆ సంస్థ సలహా. 2022 సెప్టెంబరులో ఇంకో హెచ్చరిక వచ్చింది. పీచు పొరలో స్క్వామస్ సెల్ క్యాన్సర్, ఇతర లింఫోమాలు కూడా అరుదుగా బయటపడ్డాయని. అందుకే తీసేటప్పుడు పొరలో అనుమానాస్పదంగా గడ్డ గానీ నీరు గానీ కనిపిస్తే దాన్ని పారేయకుండా పాథాలజీ ల్యాబ్‌కు పంపిస్తారు.