రైసినా కోతుల పేలు, మన పేలు

ఢిల్లీ రైసినా కొండ మీద నార్త్ బ్లాక్ గోడలెక్కే కోతులను చూసే ఉంటారు. ఒకటి బోర్లా పడుకుంటే ఇంకొకటి దాని వీపు వెంట్రుకలు పాయలు తీసి, ఏదో గిల్లి, నోట్లో వేసుకుంటుంది. ఉప్పు ఏరుకు తింటోందని కొందరంటారు. జపాన్ కోతులను దగ్గరగా గమనించినవాళ్లు మాత్రం ఏరిన వాటిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఈపులేనని తేల్చారు.

ఆ కోతి పేను మన నెత్తిన కాపురం పెట్టదు. దానిది పెడిసైనస్ జాతి, మనది పెడిక్యులస్. పేను ఒంటి మీంచి జారిపడితే ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. అందుకే తరతరాలుగా ఒకే జీవజాతిని అంటిపెట్టుకుంటుంది. మన తలపేనుకు దగ్గరి చుట్టం చింపాంజీ పేను. ఆ రెండూ విడిపోయి సుమారు 60 లక్షల ఏళ్లు. మనమూ చింపాంజీలూ వేరుపడింది కూడా ఇంచుమించు అప్పుడే!

ఒక్క పేను మాత్రం గీత దాటింది. గజ్జల్లో చేరే పేను చుట్టరికం గొరిల్లాతో. 30, 40 లక్షల ఏళ్ల కింద మన పూర్వీకులకు అంటిందని 2007లో ఫ్లోరిడాకు చెందిన డేవిడ్ రీడ్ బృందం చెప్పింది. గొరిల్లా వదిలిన పడకలో పడుకున్నారో, దాని మాంసమే తిన్నారో! అపార్థాలు అక్కర్లేదు.

అన్నిటికన్నా విచిత్రం బట్టల లెక్క. అప్పట్లో జర్మనీలో పరిశోధన చేస్తున్న మార్క్ స్టోన్‌కింగ్‌కు కొడుకు బడి నుంచి ఓ చీటీ వచ్చింది: క్లాసులో ఒకరికి పేలున్నాయి, ఒంటి వెచ్చదనం లేకపోతే అవి రోజుకు మించి బతకవు. మామూలు తండ్రి పేలదువ్వెన కొనేవాడు. ఈయన మాత్రం, పేలు మనిషితోపాటే లోకమంతా తిరిగి ఉండాలి కదా అనుకున్నాడు. బట్టల కుట్లలో దాగే ఒంటిపేను తలపేను నుంచి ఎప్పుడు చీలిందో తెలిస్తే, బట్టలెప్పుడు మొదలయ్యాయో తెలిసినట్టే. 2003లో ఆయన బృందం వేసిన లెక్క సుమారు 72 వేల ఏళ్లు. 2011లో రీడ్ బృందం దాన్ని లక్షా 70 వేల ఏళ్ల దాకా జరిపింది. ఒంటి మీద బొచ్చు పోయి 12 లక్షల ఏళ్లయిందనే అంచనా నిజమైతే, మధ్యలో పది లక్షల ఏళ్లు దిసమొలతోనే గడిపామన్నమాట.

రాతలోనూ రికార్డు పేనుదే. ఇజ్రాయెల్‌లోని లాఖీష్‌లో 2016లో దొరికిన 3,700 ఏళ్ల నాటి దంతపు దువ్వెన మీద 17 అక్షరాలున్నాయి. 2022లో చదివితే, జుట్టులో, గడ్డంలో పేలు పోవాలన్న కోరిక! ఆ ప్రాంతపు ప్రాచీనులైన కనానీయుల లిపిలో దొరికిన తొలి పూర్తి వాక్యం అదే.

ఢిల్లీ వెళ్లేవారికి ఒక మాట. రైసినా కోతుల నుంచి పేలొస్తాయన్న బెంగ వద్దు. కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బుతో కడిగి, వెంటనే రేబిస్ టీకాకు వెళ్లండి.