యమలోకంలో సమ్మె, మన స్టేజీ మీద నవ్వు

మొన్న శ్రావణంలో ఒక రాత్రి మా హాస్టల్లో కరెంటు పోయింది. దోమలకు తాళలేక అందరం మెట్ల మీదికి చేరాం. ఎవరో ఊరికే అన్నారు: "తెలుగులో వచ్చిన పేరడీ సినిమాల్లో 'సుడిగాడు'ను మించింది లేదు" అని. అంతే! నందమూరి అభిమానులు లేచి కూచున్నారు. "యమగోల చూసి మాట్లాడు" అన్నారు. కెమిస్ట్రీ వాళ్లంతా సుడిగాడు పక్షం, మా ఫిజిక్సు వాళ్లంతా యమగోల పక్షం. పరీక్షల ముందు కూడా అంత పట్టుదలగా ఎవరం చదవలేదు, ఆ రాత్రి అంత పట్టుదలగా వాదించుకున్నాం. ఒంటిగంటకు వార్డెనుగారు టార్చిలైటు పట్టుకొచ్చేదాకా తెగలేదు. ఆ వాదంలో మిగిలిపోయినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేరడీ అంటే ఏమిటో చూద్దాం. వ్యంగ్యానుకరణ అని పెద్దలు అంటారు గానీ మనందరికీ పేరడీయే అలవాటు. ఒకరి నడకను ఉన్నదున్నట్టు పట్టుకొని, లోపల సరుకు మార్చేయడం. మన సాహిత్యంలో ఈ విద్యకు పెట్టింది పేరు జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గారు (1914-68). జరుక్ శాస్త్రి అంటే చాలామందికి తెలుస్తుంది. పేరడీ శాస్త్రి అని కూడా పిలిచేవారు. శ్రీశ్రీనీ, విశ్వనాథనూ కూడా ఆయన వదల్లేదు. ఒకర్ని తిట్టాలంటే వాళ్ల పుస్తకం చదవనక్కర్లేదు, పేరడీ రాయాలంటే మాత్రం కంఠతా రావాలి. అంచేత ఎంతో కొంత ప్రేమ లేనివాడు పేరడీ రాయలేడని నా నమ్మకం.

రాసేవాడికే కాదు, వినేవాడికీ అసలు తెలిసి ఉండాలి. మా ఫిజిక్సులో ఒక మాట ఉంది. కదలకుండా నిలబడ్డ స్తంభమో చెట్టో కంటికి ఆనితేనే రైలు కదిలిందని తెలుస్తుంది. పేరడీకి కూడా అలాంటి స్తంభం ఒకటి కావాలి.

తెలుగువాళ్లకు యముడు అలాంటి స్తంభం. మాది మిరప, పత్తి వేసే ఇల్లు. చదువు మా నాన్నతోనే మొదలైంది. సంతకం రాని మా తాతకు సావిత్రి కథ మొత్తం పద్యాలతో సహా వచ్చు. వయసులో ఉండగా ఊళ్లో నాటకానికి యముడి వేషం కట్టేవాడు. అట్ట కిరీటం, కాటుక మీసం, భుజాన గద. ఆయన అరుపుకు పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారట. కిరీటం మీది తగరపు కాగితం సగం ఊడిపోయినా, ఇప్పటికీ ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉంది.

అంత భయంకరుడైన యముడి దగ్గరికి ఒక పల్లెటూరి కుర్రాడు ప్రాణం పోయి వెళ్తాడు. వెళ్లినవాడు ఏడవకుండా కింకరులను కూడగట్టి సమ్మె చేయిస్తాడు. 1977లో వచ్చిన 'యమగోల' కథకు ఇదే ఆయువుపట్టు. తాతినేని రామారావు దర్శకత్వం, డి.వి. నరసరాజు మాటలు, చక్రవర్తి పాటలు. ఎన్.టి. రామారావు కుర్రాడు, కైకాల సత్యనారాయణ యముడు, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు. దీనికి ముందు 1960లోనే రామారావుతోనే 'దేవాంతకుడు' వచ్చింది. అందులో ఎస్.వి. రంగారావు యముడు. రెండింటికీ మూలం 1958 నాటి ఒక బెంగాలీ సినిమా. మూలం ఎక్కడిదైతేనేం, ఆ యముడు మాత్రం మన ఊరి స్టేజీ దిగి వచ్చినవాడే.

ఇక్కడ గమనించాల్సిందేమంటే, సత్యనారాయణ గారు ఎక్కడా నవ్వించడానికి ప్రయత్నించరు. పౌరాణికంలో ఎలా గర్జించాలో అలాగే గర్జిస్తారు. 1994లో 'యమలీల'లో ఆ యముడే భూలోకానికొచ్చి ఐస్‌క్రీముకు అలవాటుపడతాడు. దాన్ని 'హిమక్రీములు' అంటాడు. హాలు ఎందుకు నవ్వింది? ఐస్‌క్రీము నవ్వొచ్చే వస్తువేం కాదు. దానికి నాటకాల భాష తొడిగేసరికి నవ్వొచ్చింది. భీష్మాచార్యులు బస్సులో చిల్లర కోసం కండక్టరుతో తగువు పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి! నటుడు తనే ముందు నవ్వేశాడంటే ఆ ఆట చెడిపోయినట్టే. మన కాలేజీ స్కిట్లలో తరచుగా జరిగేది అదే (మిత్రులు కోప్పడకూడదు).

నన్నడిగితే ఈ రెంటికీ తాత 'మాయాబజార్' (1957). కె.వి. రెడ్డి గారి ఆ సినిమాను పేరడీ అంటే కొట్టొస్తారేమో. కానీ ఘటోత్కచుణ్ణి మించిన సూపర్ హీరో ఎవరండీ? కొండలు పిండి చేయగలవాడు శశిరేఖ రూపంలో పెళ్లికూతురై కూచుంటాడు. సావిత్రి గారు ఆ సుకుమారి ఒంట్లో రాక్షసుడి నడక, రాక్షసుడి చూపు చూపించారు. వీరత్వానికి పట్టుచీర కట్టి నవ్వించడం అన్నమాట. పైగా అంతా పాటలతో, పద్యాలతో. అమెరికావాళ్లు ఇప్పుడు సూపర్ హీరోలను ఎగతాళి చేస్తూ సంగీత నాటకాలు ఆడుతున్నారంటే నాకేం ఆశ్చర్యం కలగలేదు.

సుడిగాడు పక్షం వాదన కూడా తీసేయదగ్గది కాదు. 1980లో రామారావుగారే 'సూపర్ మేన్'గా వచ్చారు, అందులో బలాన్నిచ్చేది ఆంజనేయస్వామి. 2024లో 'హను-మాన్' కూడా ఆ తోవే తొక్కింది. అంటే మన సూపర్ హీరోకు వెనకాల ఒక దేవుడుండాలి. మరి దేవుడి వరం లేకుండానే మామూలు సినిమా హీరో పదిమందిని గాల్లోకి లేపుతుంటే? 2003లో 'పల్నాటి బ్రహ్మనాయుడు'లో తొడ కొడితే రైలు వెనక్కి వెళ్లింది. దానికి వేరే పేరడీ రాయనక్కర్లేదు, దానంతటదే అయిపోయింది. ఇలాంటి వాటినన్నింటినీ పోగేసి 2012లో భీమనేని శ్రీనివాసరావు, అల్లరి నరేష్ 'సుడిగాడు' తీశారు. దానికి మూలం 'తమిళ్ పడం' (2010). మా వాళ్లు నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నారు. మా నాన్న మాత్రం నవ్వలేదు. ఆ అసలు సినిమాలు ఆయన చూసుంటే కదా! సినిమాల మీద కట్టిన పేరడీ పదేళ్లకు పాతబడుతుంది, పురాణం మీద కట్టింది నిలుస్తుందని నేను వాదించింది అందుకే.

ఇంతలో ఒక సీనియరు, "దేవుళ్లతో వేళాకోళమేమిటి, అదీ రాముడున్న ఊళ్లో?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు: 'దేవాంతకుడు' తీసిన సి. పుల్లయ్యగారే 'లవకుశ' మొదలుపెట్టారు. ఆయన అనారోగ్యం పాలైతే కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు, 1963లో విడుదలైంది. యముడితో తగవు పడ్డ రామారావే అందులో రాముడు. ఆ రెండూ చూసినవాళ్లలో ఎవరి భక్తీ చెడిపోలేదు. అసలు పురాణంలోనే సావిత్రి వరాలడిగి యముణ్ణి మాటలో పడేయలేదా? యముణ్ణి చూసి నవ్వుకోవడం మనకు అక్కణ్ణించే వచ్చింది.

అప్పటిదాకా మాట్లాడని మా రూమ్మేటు అప్పుడు నోరు తెరిచాడు. వాడిది కూనవరం వైపు, కోయ కుటుంబం. "యముణ్ణి ఎంత ఎగతాళి చేసినా ఆయన దున్నపోతు ఆయనకే ఉంటదిరా. నిరుడు నువ్వు చేసిందేంది మరి?" అన్నాడు.

నిరుడు కాలేజీ డేకి నేను కోయదొర వేషం కట్టాను. ఈకలు, పూసలు, వంకర తెలుగు, చేతిలో వేరుముక్క, జోస్యం. సినిమాల్లో కమెడియన్లు వేయగా వేయగా అరిగిపోయిన వేషమే. ఈలలు వేశారు, నాకు ప్రైజు కూడా ఇచ్చారు. మూడో డైలాగుకే వీడు హాలు వదిలి వెళ్లిపోయాడని నాకు ఏడాది తరవాత ఆ మెట్ల మీద తెలిసింది. "మా నాయన ఇప్పపువ్వు ఏరతడు, పోడు చేస్తడు. జోస్యం ఎన్నడు చెప్పలే" అన్నాడు. చీకట్లో వాడి మొహం కనబడలేదు, అదే మేలయింది.

నేను ఇంతసేపూ చెప్పుకొచ్చిన సిద్ధాంతానికి ఇక్కడ గండి పడింది. పేరడీ చేయాలంటే అసలు కంఠతా రావాలన్నాను కదా. కోయల గురించి నాకేం వచ్చు? వాళ్లకు వీరులు లేరా? సమ్మక్క సారలమ్మల కథ డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్య గారిది మన మణుగూరు వైపే. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో కన్నుమూశారు. ఇంత దగ్గర ఉండి ఒక్కసారైనా పోయి వినలేదు నేను. నేను కట్టింది కోయవాళ్ల వేషం కాదు, సినిమావాడి వేషానికి వేషం. పైగా యముడి మీద జోకు సింహాసనం మీదికి విసిరిన రాయి. నాది నా పక్క మంచం మీద పడుకునేవాడి మీద పడింది. రెండింటికీ హాలు ఒకేలా నవ్వుతుంది, అందుకే స్టేజీ మీద ఉన్నవాడికి తేడా తెలియదు.

క్షమాపణ అడిగితే "పోనీలే, ఈసారి స్కిట్టు నేను రాస్త" అన్నాడు. రాశాడు. యమభటులు పోలవరం ముంపు ఊళ్లో ఒక ముసలాయన ప్రాణం తీసుకుపోవడానికి వస్తారు. 2014లో ఊరు ఆంధ్రలో కలిసింది, ఆయన ఆసుపత్రి కోసం భద్రాచలం వస్తే అది తెలంగాణ. ఏ రాష్ట్రం కాగితం మీద ప్రాణం తీయాలో తేలక కింకరులు ఎటపాక దగ్గర రోడ్డు మీద సరిహద్దుకు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడతారు. పరిహారం డబ్బులు చేతికొచ్చేదాకా నేను చావనంటాడు ముసలాయన. చివరికి యముడే అర్జీ పట్టుకొని ఆఫీసు ముందు క్యూలో నిలబడతాడు. యముడి డైలాగులన్నీ పద్యనాటకం భాషలోనే ఉన్నాయి. వాటిని దిద్దడానికి మా తాత దగ్గరికి రెండు ఆదివారాలు వెళ్లొచ్చాం. తాత వాడికి గర్జన కూడా నేర్పాడు.

యముడి వేషం వాడిదే, ట్రంకుపెట్టెలోని కిరీటానికి కొత్త తగరపు కాగితం అంటించాం. నాకు రెండో కింకరుడి వేషం ఇచ్చాడు, డైలాగులు లేవు.