తవుడు పోయిన బియ్యం

యెహోయాకీము యూదాకు రాజుగా ఉన్న కాలంలో దేవుడు యిర్మీయా ప్రవక్తకు ఒక వింత పని చెప్పాడు. రేకాబీయుల కుటుంబాన్ని మందిరంలోని గదికి పిలిచి, వాళ్ల ముందు ద్రాక్షారసం పెట్టి తాగమని అడగమన్నాడు. యిర్మీయా అలాగే చేశాడు. నిండు పాత్రలు ఎదురుగా ఉన్నా ఒక్కరు కూడా చెయ్యి చాపలేదు. ద్రాక్షారసం ముట్టవద్దని, ఇళ్లు కట్టుకోకుండా గుడారాల్లోనే బతకమని తమ పితరుడు యెహోనాదాబు ఆజ్ఞాపించాడని, ఆ మాట తాము మీరలేమని చెప్పారు. ఆ పెద్దాయన చెప్పి అప్పటికే రెండు వందల ఏళ్లు దాటింది! శత్రుసేనకు భయపడి వాళ్లు పల్లె వదిలి యెరూషలేము పట్నానికి వచ్చారు గాని, ఇంటి కట్టుబాటును మాత్రం పట్నపు వాకిట వదిలేయలేదు. ఆ కుటుంబాన్ని చూపించి దేవుడు యూదా జనాంగమంతటికీ బుద్ధి చెప్పాడు (యిర్మీయా 35).

పల్లె నుంచి పట్నానికి వచ్చేసిన కుటుంబాల కథ మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు కొత్తది కాదు. ఒకప్పుడు ఇది ఎక్కువగా మెట్ట సీమ. జొన్న గటక, సజ్జ రొట్టె, అంబలి తాగి పొలానికి వెళ్లిన తాతల్ని చూసినవాళ్లు ఇంకా మన సంఘాల్లో ఉన్నారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లతో మిర్యాలగూడ, కోదాడ పొలాలు పచ్చబడ్డాయి. వరి ఇంటింటి అన్నమైంది, మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరుగా పేరు తెచ్చుకుంది. ఇది దేవుని దీవెనే. ఆకలి తీర్చిన నీటిని తప్పుపట్టేవాడు కృతజ్ఞత లేనివాడు.

అయితే మిల్లు దగ్గర ఒక పాఠం ఉంది. వడ్లను రోట్లో దంచితే బియ్యానికి కొంత తవుడు అంటుకునే ఉండేది. మరలో పాలిష్ పట్టిస్తే నిమిషాల్లో మల్లెపూవులాంటి బియ్యం వస్తుంది, తవుడు పశువుల దాణాకు పోతుంది. 1890ల్లో జావా దీవిలో ఐక్మాన్ అనే డచ్చి వైద్యుడు ఒక సంగతి గమనించాడు. తెల్లటి పాలిష్ బియ్యమే మేసిన కోళ్లకు కాళ్లు చచ్చుబడుతున్నాయి. పాలిష్ పట్టని బియ్యం వేస్తే అవే కోళ్లు లేచి తిరుగుతున్నాయి! బలం ఉన్నది మనం తీసి పారేస్తున్న పొరలోనేనని ఆ పరిశోధన దారి చూపింది. దానికే ఆయనకు 1929లో నోబెల్ బహుమతి దక్కింది.

మన కుటుంబాల సంగతీ అంతే. సౌకర్యం పాపం కాదు. అది వచ్చేటప్పుడు మన ఇంట్లోంచి ఏ తవుడును తీసుకుపోతోందో చూసుకోకపోవడమే పొరపాటు. పెరట్లో సొరపాదు పెట్టి, పిల్లలతో నీళ్లు పోయించి, మొదటి కాయ కోసినరోజు దేవునికి స్తోత్రం చెప్పిన ఇళ్లు మనవే. రాత్రి అందరూ ఒకచోట కూర్చుని తిని, నాయనమ్మ చెప్పిన యోసేపు కథ వింటూ నిద్రపోయిన పిల్లలం మనమే. ఈ రోజు అన్నం హైవే పక్క హోటల్ నుంచి పార్సిల్‌లో వస్తోంది. నలుగురూ నాలుగు మూలల్లో నాలుగు ఫోన్లు చూసుకుంటూ తింటున్నారు. వంట చేసే గంట మిగిలింది గాని, ఆ గంటలో జరిగే మాటలు పోయాయి.

పైగా మనకున్న సమయం తక్కువ. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాద్, విజయవాడల మధ్య జాతీయ రహదారి మీద ఉన్నాయి. పదో తరగతి అయిందో లేదో, పిల్లవాడు పెట్టె సర్దుకుని ఇటో అటో బస్సెక్కుతాడు. హాస్టలు, ఇంజనీరింగు, ఉద్యోగం, ఆపై విదేశం. పదిహేనో ఏట గడప దాటిన బిడ్డ ఆ తర్వాత పండక్కి వచ్చే చుట్టమే! చదువు వద్దని ఎవరూ అనరు. కాని ఆ పదిహేనేళ్లనూ ట్యూషన్లకు, టీవీకి, ఫోన్‌కు అప్పజెప్పేస్తే, హాస్టలు గదిలో కష్టమొచ్చిన రాత్రి ఆ బిడ్డ దేన్ని గుర్తు తెచ్చుకుని మోకరిస్తాడు? ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాటలు పిల్లలతో చెప్పమన్నాడు మోషే (ద్వితీ. 6:7). ఇవేవీ హడావుడిలో కుదిరే పనులు కావు. దేవుని కుమారుడే నజరేతులో ఒక వడ్రంగి ఇంట పెరిగి, సుమారు ముప్పై ఏళ్లకు గాని పరిచర్య మొదలుపెట్టలేదు (లూకా 3:23).

ఇంగ్లండులోని ఎప్‌వర్త్‌లో సుసన్నా వెస్లీ అనే పాదిరిగారి భార్య ఉండేది. పంతొమ్మిది కాన్పులు. పదిమంది బిడ్డలే పెరిగి పెద్దయ్యారు. అప్పుల బాధ, దానికి తోడు 1709లో ఇల్లు కాలిపోయింది. అయినా ఆమె ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క బిడ్డతో విడిగా కూర్చుని, వాళ్ల ఆత్మల సంగతి మాట్లాడేది. గురువారం జాన్ వంతు. ఆ జాన్ వెస్లీ పెద్దవాడై ఆక్స్‌ఫర్డ్‌లో అధ్యాపకుడైన తర్వాత కూడా, ఆ గురువారం సాయంత్రపు కాస్త సమయాన్ని మళ్లీ తనకు కేటాయించమని తల్లికి ఉత్తరం రాశాడు. మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైనవాడు అమ్మ దగ్గర కోరుకున్నది అదొక్కటే!

ఇక్కడ మగవాళ్లం ఒకమాట ఒప్పుకోవాలి. దంపుడు బియ్యం రోజులే మేలని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ రోకలి పోటుకు బొబ్బలెక్కింది మన తల్లుల చేతులు. నింపాదైన జీవితం పేరుతో మిక్సీ తీసేసి ఇల్లాలికి రోలు అప్పగించడం భక్తి కాదు. పనిభారమంతా తన ఒక్కదాని మీదే పడిందని మార్త ప్రభువుకే మొరపెట్టుకుంది (లూకా 10:40). తిరిగి లేచిన ప్రభువైతే రాత్రంతా వల వేసి అలిసిన శిష్యుల కోసం తానే నిప్పుల మీద చేపలు కాల్చి, రొట్టె పంచిపెట్టాడు (యోహాను 21:9-13). మరణాన్ని గెలిచిన చేతులకు వంట చిన్నతనం కాకపోతే మన చేతులకు ఎందుకవుతుంది? తండ్రి కూర తరిగి, కొడుకు కంచాలు కడిగితేనే తల్లికీ వాక్యం వినే తీరిక దొరుకుతుంది.

అందరూ గుడారాల్లో ఉండాలని దేవుడు యూదా వారికి చెప్పలేదు. రేకాబీయుల్లో ఆయన మెచ్చుకున్నది గుడారాన్ని కాదు, గాలి ఎటు వీచినా నిలుపుకున్న మాటను. మనమూ అన్నీ మార్చుకోనక్కర్లేదు, ఒక్కటి చాలు. రాత్రి భోజనం వేళ ఫోన్లన్నీ ఒక బుట్టలో వేసి కలిసి తినే కట్టుబాటు కావచ్చు. వారంలో ఒక సాయంత్రం ఒక్కో బిడ్డకు ఇవ్వడం కావచ్చు. రాత్రి డ్యూటీ ఉన్న ఇంట తెల్లవారుజాము ప్రార్థన కావచ్చు. అద్దె ఇల్లయితే కుండీలో నాలుగు మెంతికూర మొలకలు కావచ్చు. ఒకటి ఎంచుకుని, దాన్ని విడువకుండా ఉండాలి.

యెహోనాదాబు సంతానంలో దేవుని సన్నిధిని నిలిచేవాడు ఎన్నటికీ ఉంటాడన్నది రేకాబీయులు పొందిన వాగ్దానం. ఆస్తి కాదు, సీటు కాదు, వీసా కాదు. మన పిల్లలు రేపు దేవుని ఎదుట నిలబడాలంటే, ఈ రాత్రి మన ఎదుట కాసేపు కూర్చోవాలి.