పాత సిస్టమ్‌కు కొత్త ర్యామ్

జగ్గయ్యపేటలోనో నందిగామలోనో పదేళ్ల కిందట అసెంబుల్ చేయించుకున్న గేమింగ్ సిస్టమ్ ఇంకా నడుస్తుంటే, అందులో నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, ఒకే ఒక్క 8 జీబీ డీడీఆర్3 స్టిక్కు ఉండే అవకాశం ఎక్కువ. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5కి ఆ 8 జీబీ సరిపోయేది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 దగ్గరికి వచ్చేసరికి అది కనీస అవసరం. 12 ఉంటే మంచిదని తయారు చేసినవాళ్లే చెప్పారు. ర్యామ్ నిండిపోతే మిగిలిన సరుకు హార్డ్ డిస్కు మీదికి పోతుంది. అక్కణ్ణుంచి దాన్ని వెనక్కి తేవడానికి సుమారు లక్ష రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. ఆట బిగుసుకుపోయేది అందుకే. సిస్టమ్ మొత్తం మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ముందు క్యాబినెట్ విప్పి, పక్క స్లాటు ఖాళీగా ఉందేమో చూడండి.

ఆ స్లాటులోకి వెళ్లే వస్తువుకు మూలం 1966లో ఉంది. అప్పట్లో కంప్యూటర్ల జ్ఞాపకమంటే సన్నటి తీగలకు గుచ్చిన ఫెరైట్ ఉంగరాలు. 1969లో వచ్చిన మన హైదరాబాద్ ఈసీఐఎల్ వారి టీడీసీ-12లోనూ అవే. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ బృందం ఒక్కో బిట్టుకు ఆరేసి ట్రాన్సిస్టర్లు వాడే చిప్పు మీద పనిచేస్తోంది. తోటివాళ్ల అయస్కాంత మెమరీ ఎంత సరళంగా ఉందో విని, ఆరు ఎందుకన్న ఆలోచనతో ఆయన ఇంటికి వెళ్లారు. ఆ సాయంత్రమే సోఫాలో కూర్చుని దారి కనిపెట్టారు. విద్యుదావేశాన్ని నిలిపే ఒక చిన్న కెపాసిటర్, దానికి తలుపుగా ఒక్క ట్రాన్సిస్టర్. అంతే! 1968 జూన్‌లో పేటెంట్ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూసే నాటికి లోకంలోని దాదాపు ప్రతి కంప్యూటరూ, ప్రతి ఫోనూ ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి.

దానిలో ఒక లోపం ఉంది. కెపాసిటర్ చిల్లికుండ లాంటిది, నింపిన ఆవేశం కారిపోతూనే ఉంటుంది. అందుకే ప్రతి గడినీ 64 మిల్లీసెకన్ల లోపు ఒకసారి చదివి మళ్లీ నింపాలి. 8 జీబీ స్టిక్కులో అలాంటివి దాదాపు 6,870 కోట్ల గడులు! మీరు ఆటలో బండి తోలుతున్నంతసేపూ ఈ నింపుడు ఆగదు. చిప్పు 85 డిగ్రీలు దాటితే కారడం పెరిగి, రెట్టింపు తరచుగా నింపాల్సి వస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముకు తోడు రోహిణి కార్తె ఎండలు కాసే మెట్ట ప్రాంతంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ర్యామ్ కొనేముందు ఫ్యాన్లలో పేరుకున్న దుమ్ము దులిపించండి.

రెండో స్టిక్కు వేస్తే స్థలం పెరగడమే కాదు, దారి కూడా వెడల్పవుతుంది. 1600 వేగపు డీడీఆర్3 స్టిక్కు ఒక్కటే అయితే సెకనుకు 12.8 జీబీ దాకా మోయగలదు. సరైన స్లాట్లలో జతగా పెడితే 25.6 దాకా. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో ఈ తేడా కంటికే కనిపిస్తుంది.

డీడీఆర్4 తెచ్చి ఇందులో పెట్టాలనుకోకండి. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. గాటు కూడా వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే బోర్డే పోతుంది.

డీడీఆర్3 ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. హైవే ఎక్కితే ఇటు బెజవాడ, అటు సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్. కొత్త ర్యామ్ సంగతా? కృత్రిమ మేధ డేటా సెంటర్లు చిప్పుల్ని ఎగరేసుకుపోతున్నాయి. హైదరాబాదులోనూ పెద్ద కేంద్రం ఉన్న మైక్రాన్, మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి పాత స్టిక్కే అయినా చూసి కొనండి. బంగారు పూత కాళ్లను రబ్బరుతో మెల్లగా తుడిచి, స్లాటులో రెండు వైపులా క్లిప్పులు పడేదాకా నొక్కండి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపండి. తెల్లారేసరికి ఒక్క తప్పు కనిపించినా ఆ స్టిక్కు వెనక్కి ఇచ్చేయండి.