అనాబ్-ఎ-షాహి, థాంసన్ సీడ్‌లెస్: రెండు తెల్ల ద్రాక్షల రుచి, స్వభావము

గత ఫిబ్రవరి నెలాఖరున నారాయణఖేడు సమీప గ్రామములోని ఒక ద్రాక్షతోటకు పోయియుంటిని. ఆ రైతు బావి గట్టున రెండు గుత్తులు పెట్టి, "సారూ, రెండూ తిని చూడుండ్రి. మా తమ్ముడు ఇంకో రెండెకరాలల్ల పెడ్తనంటుండు. ఏది పెట్టుమంటరు?" అని అడిగెను. ఒకటి అనాబ్-ఎ-షాహి, రెండవది థాంసన్ సీడ్‌లెస్. రెండును తెల్ల ద్రాక్షలే. రెండు పండ్లు నోట వేసుకొని తేల్చదగిన ప్రశ్న కాదది. అయినను రుచితోనే మొదలు పెట్టుదము.

అనాబ్-ఎ-షాహి మన హైదరాబాదు ద్రాక్ష. అనాబ్ అనగా ద్రాక్ష, షాహి అనగా రాజులకు చెందినది. దీనిని 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదుకు తెచ్చెనని చెప్పుదురు. తరువాత నగరము చుట్టును పందిళ్ళ మీద ఈ తీగయే ప్రాకినది. ఆ పందిళ్ళు చాలవరకు పోయినవి. వాని చోట ఇండ్లు లేచినవి. థాంసన్ దూరదేశపు రకము. తూర్పు దేశములలో సుల్తానా అనియు, కిష్మిష్ అనియు పేర్కొనబడు ఈ పాత రకమును 1870 తరువాత కాలిఫోర్నియాలో విలియం థాంసన్ అనునతడు వ్యాప్తికి తెచ్చుటచే ఆ పేరు వచ్చినది. మన ఇండ్లలో పాయసములో వేయు కిస్‌మిస్ ఎక్కువగా ఈ జాతిదే.

ఇక రుచి. అనాబ్ పండు పెద్దది, పొడవైనది, గింజలు గలది. బాగుగా పండినచో తేనెరంగు తిరుగును. కొరికిన వెంటనే నోరు నిండ రసము వచ్చును. తీపి మెత్తగా తగులును, పులుపు స్వల్పము; పెద్దలకు, పిల్లలకు ఇష్టమగు సాధు రుచి. థాంసన్ పండు చిన్నది, గింజ లేనిది. దాని కండ గట్టిగా కరకరలాడును; తీపి సూటిగా తగిలి, చివరను సన్నని పులుపు నిలుచును. రెంటికిని మస్కట్ ద్రాక్షకు వలె ప్రత్యేకమైన పరిమళము లేదు. ఎండకు అలసి వచ్చినవాడు అనాబ్ కోరును. పది పండ్లు తినుచు మాటలాడువాడు థాంసన్ కోరును. ఇది నా అభిప్రాయము మాత్రమే.

ఈ తేడా రసములోని చక్కెరలోనే కనిపించును. రిఫ్రాక్టోమీటరుతో చూచినచో పండిన అనాబ్ రసములో 14 నుండి 16 శాతము, థాంసన్ రసములో 20 నుండి 22 శాతము వరకు కరగిన పదార్థము ఉండును. అందులో హెచ్చు భాగము చక్కెరయే. అందుచేతనే ఎండబెట్టి కిస్‌మిస్ చేయుటకు థాంసన్ తగును, అనాబ్ తగదు. అయితే దిగుబడిలో అనాబ్‌దే పైచేయి. మంచి యాజమాన్యమున ఎకరమునకు 14 టన్నుల వరకు కాయును. థాంసన్ 8 నుండి 10 టన్నులు.

ద్రాక్ష మామిడి వంటిది కాదు. కోసిన తరువాత గడ్డిలో పెట్టినను తీపెక్కదు. ధర ఉన్నదని పదిరోజుల ముందు కోసినచో ఆ పులుపు కొన్నవాని నోటిలోనే తేలును; అతడు మరల ఆ తోట పండ్లు కొనడు. ఈ పాఠము నేను సిగ్గుతోనే నేర్చితిని. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక అనాబ్ తోటలో గుత్తుల భుజములు రంగు తిరిగినవని చూచి, కోయవచ్చునని చెప్పితిని. వ్యాపారి గుత్తి చివరి పండు చీల్చి చూపించినాడు. గింజ ఇంకను పచ్చగా నుండెను. ఆ రైతు సగము ధరకు అమ్ముకొనవలసి వచ్చినది. గుత్తి కొన చివరకు పండును గనుక కొననుండియే పండ్లు తీసి పరీక్షింపవలెను. అనాబ్‌లో గింజ గోధుమరంగు తిరిగినదా యని చూడవచ్చును. థాంసన్‌లో ఆ సాక్ష్యము లేదు. రంగు, రుచి, రిఫ్రాక్టోమీటరు, ఈ మూడే దిక్కు.

తీగల స్వభావము కూడ వేరు. రెంటికిని మన ప్రాంతమున ఏప్రిలులో ఒకటి, అక్టోబరులో ఒకటి, రెండు కత్తిరింపులు. థాంసన్ కొమ్మల మొదటి కన్నులలో గుత్తులు తక్కువ గనుక, అనాబ్ కంటె పొడుగుగా విడిచి కత్తిరింపవలెను. పండు లావెక్కుటకు జిబ్బరెలిక్ ఆమ్లపు ద్రావణములో గుత్తులు ముంచుట, పండ్లు పలుచన చేయుట అను పనులున్నవి. పని తెలిసిన కూలీలు సమయమునకు దొరకకపోయినచో థాంసన్ గుత్తి చిన్న పండ్లతో చూపునకు ఆనదు. అనాబ్‌కు ఆ శ్రమ తక్కువ. కాని దానికొక శత్రువున్నది. బూజు తెగులు దానిని త్వరగా పట్టును. అక్టోబరు కత్తిరింపు తరువాత లేత చిగుళ్ళ మీద వాన పడెనా, ఒక శాతము బోర్డో మిశ్రమము చల్లుటలో రెండు రోజులు ఆలస్యము చేసినను పంట చేతికి రాదు.

1956కు పూర్వము బీదరు జిల్లాలో నుండిన ఈ తాలూకాలో నల్లరేగడి ఎక్కువ. నీరు నిలుచు రేగడిలో రెండు రకములును బాగుపడవు. ఎర్రచెల్క గాని, మురుగు పోవు వాలు గాని కావలెను. బోరు నీరు ఉప్పగా నున్నచోట, డాగ్‌రిడ్జ్ వేరు మొక్కపై అంటు కట్టిన థాంసన్ నాటుట మేలు.

వైను విషయము అడుగువారు ఈ మధ్య ఎక్కువైరి. రసము పులియునపుడు ఒక్కొక్క శాతము మద్యసారమునకు లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఖర్చగును. ఆ లెక్కన అనాబ్ రసము 8 శాతము దగ్గర ఆగిపోవును. అది నిలువ ఉండదు. థాంసన్ 12 వరకు పోగలదు. కాలిఫోర్నియాలో దానిని వైనునకు వాడిరి, గాని సువాసన లేని వైనే వచ్చును. నాసిక్ ప్రాంతపు వైను కర్మాగారములు తెల్ల వైనునకు షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ అను ఫ్రెంచి రకములు పెంచించుచున్నవి. మొదటిది పండ్ల వాసనయు, మంచి పులుపును గలది. రెండవది కోసిన పచ్చగడ్డిని తలపించును. వాని పండ్లు చిన్నవి, బజారులో తినుటకు ఎవరును కొనరు. కావున కర్మాగారముతో వ్రాతమూలక ఒప్పందము లేనిదే, ఎవరి నోటిమాటనో నమ్మి ఆ తీగలు నాటరాదు. ఆబ్కారీ అనుమతి లేక ఇంటివద్ద వైను తయారు చేయుట నేరమని కూడ గుర్తుంచుకొనవలెను.

బావి గట్టున అడిగిన రైతుకు ఇదంతయు చెప్పితిని. తమ్ముని పొలము ఎర్రచెల్కయే, కాని బోరు నీరు కొంత ఉప్పన. దగ్గరి సంతలలో అమ్ముటకు అర ఎకరము అనాబ్, మిగిలిన దానిలో అంటు థాంసన్ అని అన్నదమ్ములు అనుకొనిరి. నీటి నమూనా సీసాలో పట్టి పరీక్షకు పంపితిమి. ఫలితము చూచిన తరువాతనే గుంతలు త్రవ్వుదురు.