నీట్ మొదలెడుతున్నారా? పుస్తకం కంటే ముందు పాత పేపరు తీయండి

పదో తరగతి ఫలితాలొచ్చి బైపీసీ అనుకోగానే అమలాపురం నుంచి రాజోలు దాకా అందరూ అడిగేది ఒకటే: "ఏ కోచింగ్‌లో చేర్పిస్తున్నారండీ?" అసలు నీట్‌లో ఎన్ని ప్రశ్నలుంటాయి, ఏ సబ్జెక్టుకి ఎన్ని మార్కులు అన్నది ఫీజు కట్టాక గుర్తొస్తుంది.

నేను డాక్టర్ని కాదు. ఎంపీసీ చదివి, హైదరాబాద్‌లో కోడ్ రాసుకునేవాణ్ణి. కానీ కొత్తపేటలో మా పిన్ని కూతురు ఇంటర్ సెకండియర్‌లోకి వస్తూ "అన్నయ్యా, ఎక్కణ్ణించి మొదలెట్టను?" అని ఫోన్ చేసింది. బయాలజీ చెప్పడం నా వల్ల కాదు గానీ, పరీక్షని విప్పి చూడటం వచ్చు కదా!

2025 నుంచి లెక్క సింపుల్. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90 ప్రశ్నలు. రైటైతే 4, తప్పైతే మైనస్ 1. మా బ్యాచ్ ఎంసెట్ రాసినప్పుడు నెగెటివ్ మార్కుల్లేవు, ఏదీ వదలకుండా అన్నీ పెట్టేసి వచ్చేవాళ్లం. 2017 నుంచి ఎంబీబీఎస్ సీట్లకి ఎంసెట్ పోయి నీట్ వచ్చింది. అయినా "ఖాళీ వదలకురా" అనే సలహా మాత్రం ఇంట్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే సగటున దక్కేది పావు మార్కు. అంటే దాదాపు ఏమీ లేనట్టే. అదే రెండు ఆప్షన్లు కచ్చితంగా తప్పని తెలిసి, మిగతా రెంటిలో ఒకటి పెడితే సగటు ఒకటిన్నర మార్కు. కాబట్టి సగం తెలిసిన ప్రశ్నని వదలక్కర్లేదు, బొత్తిగా తెలియనిదాని జోలికి వెళ్లక్కర్లేదు.

మా చెల్లితో మొదటి రోజే పాత పేపరు రాయించాను. "ఏమీ చదవలేదు కదా!" అని గోల పెట్టింది. అందుకే రాయమన్నాను. 38 రైటు, 61 తప్పు, మిగతావి ఖాళీ. మొత్తం 91 మార్కులు. ఏడుపు మొహం పెట్టింది. నాకు కావాల్సింది ఆ 61 తప్పులు. వాటిని మూడు కుప్పలు చేశాం. ఇంకా చదవని పాఠాలవి 34, చదివి మర్చిపోయినవి 18, ప్రశ్న సరిగ్గా చదవక పోగొట్టుకున్నవి 9. మొదటి కుప్పకి పాఠం కావాలి. రెండో కుప్పకి రివిజన్ చాలు. మూడోదానికి కోచింగ్ ఎందుకు? "సరికానిది ఏది" అన్న మాట కింద గీత గీసుకుంటే చాలు.

పుస్తకాల విషయంలో నాది మొండి అభిప్రాయం. మొదటి మూడు నెలలు ఎన్‌సీఈఆర్‌టీ తప్ప లావు గైడ్లు వద్దు. బయాలజీ ప్రశ్నలు చాలావరకు ఆ పుస్తకాల్లోని వాక్యాలు, బొమ్మలు, పట్టికల నుంచే వస్తాయి. పీడీఎఫ్‌లు ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఉచితం. ఐఐటీ కాన్పూర్ వాళ్ల 'సాథీ'లో వీడియోలు, మాక్ టెస్టులు కూడా ఫ్రీనే. పక్కన ఎన్ఎంసీ సిలబస్ ప్రింటు పెట్టుకుని, అందులో లేని పాఠాన్ని కొట్టేయండి.

కెమిస్ట్రీలో మోల్ దగ్గర మొదలెట్టండి, అది రాకపోతే ముందుకెళ్లలేరు. మా చెల్లికి ఎంత చెప్పినా ఎక్కలేదు. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయల్ని వెయ్యి లెక్కన కొన్నట్టే, అణువుల్ని 6.022×10²³ లెక్కన కొంటారనుకో అన్నాను. "ఓ, అంతేనా" అంది. ఫిజిక్స్‌లో బైపీసీ పిల్లల్ని పడేసేది ఫిజిక్స్ కంటే లెక్కలే. వెక్టర్లు, కాస్త ట్రిగనామెట్రీ, లాగరిథమ్స్ ఓ రెండు వారాలు వాటికే ఇచ్చేయండి.

ఇంకోటి, పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5. అదీ మే నెల ఎండల్లో. మామిడికాయ పప్పుతో అన్నం తిని కునుకు తీసే టైమది. ప్రాక్టీసు పేపరు పొద్దున్నే ఫ్రెష్‌గా రాస్తే వచ్చే మార్కులు నమ్మకండి. ఆదివారం రెండింటికే కూర్చోండి. ఫోన్ పక్క గదిలో. ఓఎంఆర్ ప్రింటు తీసుకుని పెన్నుతో గుండ్రాలు దిద్దండి, దానిక్కూడా టైమ్ పడుతుంది.

ఇక డబ్బు. హాస్టల్ కోచింగ్ కోసం మా బాబాయి రెండేళ్ల కొబ్బరి తోట ఆదాయాన్ని ముందే రాసిచ్చి అడ్వాన్సు తీసుకుందామనుకున్నాడు. దింపు డబ్బులతోనే గడిచే ఇల్లది. పది పేపర్లు రాశాక మొదటి కుప్ప తగ్గకపోతే అప్పుడు చేర్పిద్దాం, ఏ సబ్జెక్టుకి కావాలో కూడా అప్పటికి తెలుస్తుంది అని ఆపాను. కోచింగ్ చెడ్డదని కాదు. నీట్ క్వాలిఫై అవడం వేరు, సీటు వేరు. జనరల్ కేటగిరీలో 50 పర్సంటైల్‌తో అర్హత వచ్చేస్తుంది. కాకినాడ రంగరాయలో సీటు కావాలంటే దానికి ఎంతో పైన ఉండాలి. ఆ తేడా చెప్పకుండా అడ్వాన్సు కట్టించుకునేవాళ్లతోనే నాకు పేచీ.

తెలుగు మీడియం వాళ్లకో మాట. ఏ భాషలో రాయాలో ఇప్పుడే తేల్చుకోండి, చదివే పుస్తకం దాన్నిబట్టే ఉంటుంది. అప్లికేషన్‌లో తెలుగు పెడితే ప్రశ్నపత్రంలో తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఇస్తారు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్ననే లెక్కలోకి తీసుకుంటారు. అందుకని తెలుగులో చదివినా, పాఠంలో పదాల ఇంగ్లీషు పేర్లు మార్జిన్‌లో రాసుకుంటూ వెళ్లండి.